ఇచ్చిన మాటకు అరవై ఏళ్లు

1851 జూలై. న్యూజిలాండ్‌లో అది నడి చలికాలం. లిటెల్టన్ రేవులో బయల్దేరిన 'మరియా' అనే ఓడ వెల్లింగ్టన్‌కు ఇంకాస్త దూరంలో ఉండగా టెరావిటి అగ్రం దగ్గర రాళ్లకు కొట్టుకుంది. చీకటి, ఈదురుగాలి, కొండంత అలలు. చూస్తుండగానే ఓడ ముక్కలైపోయింది. ఇరవై మందికి పైగా జలసమాధి అయ్యారు. ప్రాణాలతో ఒడ్డుకు చేరింది ఇద్దరే.

పోయినవాళ్లలో విలియం డీన్స్ ఒకడు. గొర్రెలు కొనడానికి సిడ్నీ బయల్దేరిన మనిషి. కాంటర్‌బరీ మైదానంలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. అంతకు ఏడు నెలల ముందే ఇంగ్లండ్ నుంచి నాలుగు ఓడల నిండా జనం వచ్చి దిగారు. వాళ్లలో చాలామంది తిన్న మొదటి తాజా మాంసం, మొదటి వెన్న డీన్స్ అన్నదమ్ముల పొలం నుంచి వచ్చినవే.

కబురు ఇంటికి చేరేసరికి తమ్ముడు జాన్ ఒక్కడే మిగిలాడు. అన్న లేని పొలం. పక్కన చీకటిగా, గుబురుగా నిలబడ్డ అడవి. పన్నెండు వేల మైళ్ల అవతల స్కాట్లండ్‌లో తనకోసం పదేళ్లుగా ఎదురుచూస్తున్న అమ్మాయి. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా అన్నదమ్ముల దగ్గరే ఆగిపోతారు. నా మట్టుకు నాకు ఈ కథ ఆ అమ్మాయిది. అక్కడికి చేరాలంటే మాత్రం కొంచెం వెనక్కి వెళ్లాలి.

డీన్స్ వాళ్లది స్కాట్లండ్‌లోని ఐర్‌షైర్. కిల్మార్నాక్ పట్నాన్ని ఆనుకుని ఉన్న రిక్కార్టన్ ఊరు. తండ్రి లాయరు. కొడుకులిద్దరినీ తన వృత్తిలోకే దించాలనుకున్నాడు. వాళ్లకేమో కాగితాల మీద కంటే మట్టి మీదే మనసు. కొన్నాళ్లు ఆఫీసులో కూర్చున్నాక వ్యవసాయం నేర్చుకోవడానికి వెళ్లిపోయారు. అక్కడ కొత్తగా పొలం సంపాదించడం మాటలు కాదు. భూమంతా పెద్ద జమీందార్లది, కౌళ్లు భారం. అదే సమయంలో లండన్‌లోని న్యూజిలాండ్ కంపెనీ కాగితాల మీద గళ్లు గీసి, చూడని దేశంలో భూమి అమ్ముతోంది. డబ్బు కట్టినవాడికి ఒక చీటీ ఇస్తారు. అక్కడికి వెళ్లాక లాటరీలో ఏ ముక్క వస్తే అది తీసుకోవాలి.

1840 జనవరిలో 'అరోరా' ఓడ మీద విలియం వెల్లింగ్టన్ రేవులో దిగాడు. కంపెనీ పంపిన తొలి వలసదారుల ఓడ అదే. రెండేళ్ల తర్వాత జాన్ నెల్సన్‌లో దిగాడు. ఇద్దరికీ భూమి చూశాక గుండె జారింది. కొండలు, బురద, దారి లేని అడవి. నాగలి పట్టే చోటు కాదు. విలియం దక్షిణ దీవి తీరం వెంట పడవలో తిరిగి చూసి, కొండల వెనక కనుచూపు మేర పరుచుకున్న గడ్డి మైదానం దగ్గర ఆగిపోయాడు. కంపెనీ ఇచ్చిన ముక్కలు వద్దు, ఇక్కడే దిగుదాం అన్నది అతని నిర్ణయం.

ఆ మైదానం మధ్యలో ఒక చిన్న అడవి. మావోరీలు దాన్ని పూటారింగామోటు అంటారు. అది ఎవరికీ చెందని చోటు కాదు. నాయ్ తాహు తెగవాళ్లు తరతరాలుగా అక్కడ పిట్టలు పట్టారు, పక్కనున్న వాగుల్లో మలుగు చేపలకు మాటు వేశారు. 1830ల మొదట్లో ఉత్తర దీవి నుంచి మావోరీ నాయకుడు తె రౌపరాహ తుపాకులతో వచ్చిపడి కయాపోయి కోటను కూల్చడంతో వాళ్ల జనం చెల్లాచెదురయ్యారు. మైదానం ఖాళీగా కనిపించడానికి కారణం అదీ. 1840లో ఇంకో ఇద్దరు తెల్లవాళ్లు కుటుంబాలతో అక్కడే నాగలి దింపారు. ఒక్క పంట చూసుకుని, ఏడాది తిరక్కముందే చేతులెత్తేసి పోయారు. అంటే విలియం ఎన్నుకున్నది అప్పటికే ఒకరు ఓడిపోయిన చోటు.

1843 ఫిబ్రవరిలో విలియం బయల్దేరాడు. వెంట గెబ్బీ, మాన్సన్ అనే రెండు స్కాటిష్ కుటుంబాలు. వాళ్లు పనికి కుదిరిన వాళ్లే అయినా, ఈ కథలో వాళ్ల వాటా చిన్నదేం కాదు. ఆడవాళ్లనూ పిల్లలనూ పోర్ట్ లెవీ అనే ఖాతంలో దింపి, మగవాళ్లు సామాన్లతో నది లోపలికి పడవలు నడిపారు. కొంత దూరం పోయేసరికి నీరు లోతు చాలలేదు. పొయ్యి కట్టడానికి తెచ్చిన ఇటుకల బరువుకు పడవ అడుగు నేలకు తాకుతోంది. ఇటుకలన్నీ ఒడ్డున కుప్పపోసి, తేలికైన దొన్నెల్లో ముందుకు సాగారు. ఆ ఒడ్డును తర్వాత వచ్చినవాళ్లు 'ది బ్రిక్స్' అనే పిలిచారు. ఇప్పటి క్రైస్ట్‌చర్చ్ నగరం నడిబొడ్డుకు దగ్గర్లో ఇవాళ్టికీ ఆ పేరుతో గుర్తు రాయి ఉంది.

ఇల్లు కట్టడం మొదలుపెట్టాక తెలిసింది, మేకులు వెనకే ఉండిపోయాయని. వడ్రంగం తెలిసిన శామ్యూల్ మాన్సన్ కంగారు పడలేదు. అడవిలోంచి చెక్క తెచ్చి, గూటాలు చెక్కి, రంధ్రాలు తొలిచి పలకలను కలిపేశాడు. అలా ఒక్క ఇనప ముక్క లేకుండా కాంటర్‌బరీ మైదానంలో ఆ ఇల్లు లేచింది. మధ్య గదిలో అన్నదమ్ములు, చెరో వైపు రెండు కుటుంబాలు. గోడ అంటే మధ్యలో వేలాడే దుప్పటో, నాలుగు పలకలో. మే నెలలో ఆడవాళ్లు, పిల్లలు వచ్చి చేరారు.

జూన్‌లో జాన్ ఆస్ట్రేలియా నుంచి పశువుల్ని ఓడలో తెచ్చాడు. 61 ఆవులూ ఎడ్లూ, 3 ఆడగుర్రాలు, 43 గొర్రెలు. చలికాలపు సముద్రం మీద ఆ మందను బతికించి, రేవులో దింపి, కొండలు చుట్టి మైదానానికి తోలుకురావడం ఎంత యాతనో పశువుల్ని సాకినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ నెలలోనే ఉత్తరాన వైరావు దగ్గర భూమి తగాదాలో మావోరీలకూ వలసదారులకూ కాల్పులు జరిగి 22 మంది తెల్లవాళ్లు చనిపోయారు. భయంతో చాలాచోట్ల జనం మూటలు సర్దుకున్నారు. వీళ్లు కదల్లేదు.

మేరీ గెబ్బీ, జీన్ మాన్సన్ పాలు పితికి, తోడుపెట్టి, జున్ను కట్టారు. కాంటర్‌బరీ నుంచి బయటికి వెళ్లిన తొలి సరుకుల్లో ఆ జున్నూ వెన్నా ఉన్నాయి. సిడ్నీ దాకా వెళ్లాయి. రెండేళ్లకు ఆ రెండు కుటుంబాలూ తమ వాటా కూడబెట్టుకుని, రేవు చివరన సొంత పొలాలు చూసుకున్నాయి. గెబ్బీల పేరు అక్కడి కనుమకు నిలిచిపోయింది. 

భూమి సంగతి. 1846 డిసెంబరులో డీన్స్ అన్నదమ్ములు నాయ్ తాహు పెద్దలతో కౌలు రాసుకున్నారు. పొలం నుంచి నాలుగు వైపులా ఆరేసి మైళ్ల మేర, ఏడాదికి 8 పౌండ్ల కౌలు, 21 ఏళ్ల గడువు. కౌలు చాలా తక్కువ, ఆ మాట దాచడం ఎందుకు? కానీ ఆ కాగితంలో భూమి ఎవరిదో ఒప్పుకోలు ఉంది. రెండేళ్లకు, 1848 జూన్‌లో, కెంప్ అనే అధికారి వచ్చి దక్షిణ దీవిలో చాలా పెద్ద భాగాన్ని 2000 పౌండ్లకు రాయించుకుపోయాడు. ఊళ్లకు సరిపడా భూమి వదిలేస్తామని, చేపల మాటులు ముట్టుకోమని ఇచ్చిన మాటలు గాల్లో కలిసిపోయాయి. నాయ్ తాహు వాళ్లు ఆ అన్యాయం మీద తరాలపాటు పోరాడారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, 17 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల పరిహారపు ఒప్పందాన్ని చట్టం చేసింది 1998లో. డీన్స్ వాళ్ల కథ ఎంత బాగున్నా, ఆ నూట యాభై ఏళ్ల లెక్కను పక్కన పెట్టి చదవకూడదు.

సర్కారు భూమి కొన్నాక డీన్స్ వాళ్ల కౌలు చెల్లకుండా పోయింది. బేరసారాల తర్వాత వాళ్లకు అడవి పక్కన 400 ఎకరాలు, పశువుల మేతకు కొండల పాదాల దగ్గర మరో పెద్ద నేల దక్కాయి. అడవిని రెండుగా చీల్చారు. సగం వీళ్లకు, సగం రాబోయే వలసదారుల కలపకు. పొలానికి సొంతూరి పేరు రిక్కార్టన్ అని పెట్టుకున్నారు. పడవలు నడిపిన ఆ నదికి ఏవన్ అని పేరు పెట్టింది కూడా వీళ్లే, వాళ్ల తాతగారి పొలం పక్కన పారే ఏరుది. షేక్స్‌పియర్ ఊరి నది పేరని చాలామంది అనుకుంటారు గానీ కాదు.

1850 డిసెంబరులో కాంటర్‌బరీ అసోసియేషన్ నాలుగు ఓడలు వచ్చాయి. షార్లట్ జేన్, రాండల్ఫ్, సర్ జార్జ్ సేమూర్, క్రెస్సీ. ఆ అసోసియేషన్ ఆంగ్లికన్ చర్చివాళ్లది. ఇంగ్లండ్‌ను అచ్చుగుద్దినట్టు దించాలని వాళ్ల ఆశ. వచ్చి చూస్తే అక్కడ ఏడేళ్లుగా ప్రెస్బిటీరియన్ స్కాట్లు గోధుమ పండిస్తున్నారు, పళ్లతోట పెంచుతున్నారు. ఈ నేల పండుతుందా అన్న ప్రశ్నకు జవాబు అప్పటికే కళ్లముందు కాపు కాసి ఉంది. క్రైస్ట్‌చర్చ్ నగరం అక్కడే లేవడానికి ఆ పొలం ఇచ్చిన ధైర్యం పెద్ద కారణమని నా నమ్మకం.

అసోసియేషన్ వాటాకు వచ్చిన అడవి సగం చూస్తుండగానే మాయమైంది. కొత్త ఊరికి దూలాలు కావాలి, పలకలు కావాలి, పొయ్యిలోకి కట్టెలు కావాలి. మైదానంలో చెట్టన్నదే అరుదు. రంపాల గుంటలు తవ్వి, పైన ఒకడు, కింద ఒకడు నిలబడి పొద్దంతా కోసేవాళ్లు. మిగిలిన సగం మీద అందరి కళ్లూ పడ్డాయి. అది డీన్స్ వాళ్ల చేతిలో ఉంది.

ఇదిగో, ఆ మరుసటి చలికాలమే విలియంను సముద్రం మింగింది.

జాన్ 1852లో స్కాట్లండ్ వెళ్లాడు. దారిలో పనామా దగ్గర పట్టుకున్న జబ్బు అతన్ని మళ్లీ వదల్లేదు. బాలాన్‌ట్రే దగ్గర ఆకెన్‌ఫ్లవర్ అనే పొలం, ఎదురుచూస్తున్న ఆ అమ్మాయి జేన్ మెక్‌ఇల్‌రైత్ పుట్టిల్లు. పదేళ్ల కిందట మాట ఇచ్చుకున్న ఇద్దరికీ మధ్య ఉత్తరాలే వారధి. ఒక ఉత్తరం చేరడానికి నాలుగైదు నెలలు, జవాబు రావడానికి మళ్లీ అన్ని. ఆ సెప్టెంబరులో పెళ్లయింది. ఆమెకు 29 ఏళ్లు. పుట్టింటివాళ్లను మళ్లీ చూస్తానో లేదో తెలియకుండానే ఓడెక్కింది. 1853 ఫిబ్రవరి 2న 'మినర్వా' ఓడ లిటెల్టన్ చేరింది.

కొత్త కోడలు అడుగుపెట్టిన ఇల్లు చిన్న చెక్క గుడిసె. పేరుకు వేల ఎకరాల దొర భార్య, ఉండడానికి మాత్రం వంగి నడిచే అటక కింద ఇరుకు గదులు. పెద్ద ఇల్లు కడతానన్నాడు జాన్. ఆగస్టు 6న కొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు. పిల్లాడు బోర్లాపడే రోజుల్లోనే తండ్రి దగ్గు ముదిరింది. క్షయ.

1854 జూన్. బయట మంచు పట్టిన గడ్డి. లోపల మంచం మీద జాన్ ఒక్కో పని అప్పగిస్తున్నాడు. అప్పులు ఇవి, రావలసినవి ఇవి, పశువులు ఎక్కడెక్కడున్నాయి, ఎవర్ని నమ్మొచ్చు. ఇలా అప్పగింతల్లో డబ్బు మాట, భూమి మాట ఉండటం సహజమే. జాన్ వాటితో పాటు ఒక అడవి కూడా అప్పగించాడు. తమ వాటా అడవిని కొట్టనివ్వొద్దని, ఎప్పటికీ అలాగే ఉంచమని భార్యను కోరాడు. కలపకు బంగారం ధర పలుకుతున్న చోట, నెత్తిన అప్పులున్న మనిషి కోరిన కోరిక అది. జూన్ 23న కన్నుమూశాడు. వయసు 34. చంకలో పది నెలల బిడ్డతో జేన్ 31 ఏళ్లకే ఒంటరిదైంది. ఆ దేశం వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు.

తిరుగు ఓడ ఎక్కి పుట్టింటికి వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. మళ్లీ పెళ్లి చేసుకున్నా అంతే. మగవాళ్లు ఎక్కువ, ఆడవాళ్లు తక్కువ ఉన్న ఆ ఊళ్లో భూమి ఉన్న వితంతువుకు సంబంధాలకేం కొదవ? ఆమె రెండూ చెయ్యలేదు. కొడుకు చేతికందేదాకా ఆస్తికి కాపలా ఉంటానని అక్కడే ఉండిపోయింది. తమ్ముడు జార్జ్ వచ్చి కొండల దగ్గరి హోంబుష్ నేల చూసుకున్నాడు. తాను పైసా పైసా కూడబెట్టింది. భర్త కడతానన్న ఇంటి మొదటి భాగాన్ని 1856లో పూర్తి చేయించింది. ఆంగ్లికన్ ఊళ్లో తమ ప్రెస్బిటీరియన్ చర్చి నిలబడటానికి దన్నుగా నిలిచింది. ఎవరు ఊరికి కొత్తగా వచ్చినా ఆ ఇంటి తలుపు తట్టేవారు.

అడవి ఆమె కిటికీకి ఎదురుగానే ఉండేది. దానికి కాపలా కాయడం ఒక్కరోజు శౌర్యం కాదు, రోజూ వద్దనడం. చుట్టూ ఊరు పెరుగుతోంది. కంచెకు గుంజలు కావాలన్నవాడు, కట్టెలు కొంటానన్నవాడు, చెట్లు కొట్టి పొలం చేస్తే ఎంత దిగుబడో లెక్క చెప్పేవాడు. కొడుకుకు 21 నిండి ఆస్తి చేతికి వచ్చింది 1874లో. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆమె వద్దంటూనే ఉంది. రెండో జాన్ హోంబుష్‌లో బొగ్గు గనులు తవ్వించాడు, ఇటుకల బట్టీలు నడిపాడు. వ్యాపారం తెలిసిన మనిషే. తల్లి మాట దాటి అడవి జోలికి మాత్రం పోలేదు.

అతను 1879లో ఈడిత్ పార్క్‌ను పెళ్లి చేసుకున్నాడు. పన్నెండు మంది పిల్లలు, ఎనిమిది మంది మగ, నలుగురు ఆడ. ఒక్క బిడ్డతో మొదలైన ఇల్లు పిల్లల గోలతో నిండిపోయింది. ఇంటిని 1874లో ఒకసారి, 1900లో ఇంకోసారి పెంచారు. ఆ మనవల కోసమే జేన్ తన జీవితాన్ని ఉత్తరాలుగా రాసింది. స్కాట్లండ్, ఓడ, చెక్క గుడిసె, తాతయ్య. అవి తర్వాత పుస్తకంగా వచ్చాయి. మనకు ఈ కథ ఇంత దగ్గరగా తెలిసిందంటే ఆ ముసలమ్మ కలం పట్టబట్టే.

1902లో కొడుకు కూడా ఆమె కళ్లముందే పోయాడు. భర్తను 31 ఏళ్ల వయసులో, ఒక్కగానొక్క కొడుకును దాదాపు 80 ఏళ్ల వయసులో సాగనంపిన తల్లి. 1911 జనవరి 19న తానూ వెళ్లిపోయింది. అడవి అప్పటికీ నిలబడే ఉంది.

కానీ ఇప్పుడు ఎలా? పన్నెండు మంది వారసులు. ఊరు పొలం గట్టు దాకా వచ్చేసింది. పంచుకోవాలంటే ముక్కలు చెయ్యాలి, అమ్మాలి. ఇక్కడే ఏ ఆస్తి తగాదా అయినా మొదలవుతుంది. వీళ్లు అడవిని పంపకంలోంచి బయటికి తీసేశారు. ప్రఖ్యాత వృక్షశాస్త్రవేత్త లియొనార్డ్ కొకేన్, చెట్ల కోసం జీవితమంతా పోరాడిన ఎంపీ హ్యారీ ఎల్ లాంటి వాళ్లు వెన్నుదన్నుగా నిలిచారు. 1914లో కుటుంబం ఆ అడవిని క్రైస్ట్‌చర్చ్ ప్రజలకు దానంగా ఇచ్చింది. అది ఎప్పటికీ సహజంగానే ఉండాలని పార్లమెంటు ఒక చట్టమే చేసింది. మంచం మీద జాన్ కోరిక చెప్పి అప్పటికి అరవై ఏళ్లు.

ఆ అడవిలో ఏముందని ఇంత? కహికటేయ చెట్లు. న్యూజిలాండ్‌లో అన్నిటికంటే ఎత్తు పెరిగే జాతి. పాదాలు తేమ నేలలో, మొదలు దగ్గర గోడల్లా లేచిన వేళ్లు, కొమ్మ లేకుండా నిటారుగా పోయి ఎక్కడో పైన గొడుగు విప్పిన తల. వాటిలో కొన్నిటికి ఆరు వందల ఏళ్ల దాకా ఉంటాయి. అంటే మనదేశంలో విజయనగరం వెలుగుతున్న రోజుల్లో మొలకెత్తినవి. ఆ జాతి అడవి అక్కడ మూడు వేల ఏళ్లుగా తనను తాను మళ్లీ మళ్లీ నాటుకుంటోందని శాస్త్రవేత్తల మాట. ఒకప్పుడు వరద మైదానాల్లో విరివిగా ఉన్న అలాంటి అడవికి ఆ నగర పరిసరాల్లో మిగిలిన చివరి ముక్క ఇదే. మొత్తం కలిపి ఎనిమిది హెక్టార్లు కూడా లేదు. చుట్టూ ఇళ్లు, బస్సులు, షాపింగ్ మాల్.

వలసవచ్చినవాళ్ల చరిత్రలో ఎన్ని ఎకరాలు సాగుచేశారు, ఎన్ని గొర్రెలు పెంచారు అన్న లెక్కలే గొప్పగా రాస్తారు. డీన్స్ వాళ్లకూ ఆ లెక్కలున్నాయి. కానీ నాకు వాళ్లను గుర్తుంచుకోవాలనిపించేది సాగుచెయ్యని ఆ కొద్ది ఎకరాల కోసం. అది మొదట్లో వాళ్లది కాని నేల. తమ చేతికి వచ్చాక కొట్టకుండా ఉంచారు, ఆఖరికి అందరికీ ఇచ్చారు.

పెద్ద ఇంటిని 1947లో నగరపాలక సంస్థ కొన్నది. 1843 నాటి చిన్న కాటేజీ మైదానంలో మిగిలిన అన్నిటికంటే పాత కట్టడం. దాన్ని పదిలంగా జరిపి అడవి పక్కన నిలబెట్టారు. 2010 సెప్టెంబరు భూకంపం హోంబుష్‌లోని వాళ్ల కుటుంబ భవనాన్ని నేలమట్టం చేసింది. రిక్కార్టన్ పెద్ద ఇల్లు బీటలు వారి, మరమ్మతులయ్యాక 2014లో మళ్లీ తెరుచుకుంది. అడవి చుట్టూ 2000లో ఎలుకలు, పిల్లులు, ఇతర వేట జంతువులు దూరకుండా కంచె వేశారు. ఆ కంచె లోపల కివి పిల్లల్ని కొన్నాళ్లు పెంచి, కాస్త బలం పుంజుకున్నాక కొండల్లోకి వదిలారు. శనివారాల్లో పెద్ద ఇంటి ముందు రైతులు కూరగాయలు, జున్ను అమ్ముతారు. అడవిని చూసుకునే బోర్డులో డీన్స్ కుటుంబానికి ఇప్పటికీ చోటుంది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు.